చతుష్పథమును నగరవృద్ధియు – ఓరుగల్లు, హైదరాబాదుల వీథీవిన్యాసమును గూర్చిన విచారము

నగరముల చరిత్రము వ్రాయువారు కోటలను, దేవాలయములను, రాజసౌధములను గూర్చి విరివిగా వ్రాయుదురు. వీథులను గూర్చి వ్రాయువారు అరుదు. దేవాలయమునకు శాసనమో స్థలపురాణమో యుండును. కోటకు ముట్టడుల కథ లుండును. వీథి కిట్టి యాధారము లంతగా లేవు. అయినను రాజ్యములు మాఱినను, మేడలు కూలినను, ఒకమారు నేలపై నేర్పడిన బాట సామాన్యముగా జెడదు. ఇంటికి యజమాని యొక్కడే. వాడు దలచిన రేపే యిల్లు పడగొట్టి మఱియొకతీరున గట్టుకొనవచ్చును. బాట కిరుప్రక్కల నిండ్లు, అంగళ్లు, గుడులు, మసీదులు నేర్పడిన తరువాత దానిని గదల్చుటకు వారందఱును సమ్మతింపవలెను. అట్టి సమ్మతి లోకమున దొరకుట దుర్లభము. కావున నగరము పుట్టినపుడు గీచిన నాలుగు గీతలే దాని తరువాతి జాతకమును జాలవఱకు నిర్ణయించుచుండును. ఈ విషయమును మన దేశమునందలి రెండు రాజధానులను బట్టి విచారించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మన శాస్త్రములందు వీథీవిచారము లేకపోలేదు. కౌటిల్యుని యర్థశాస్త్రమునందు దుర్గమధ్యమున తూర్పుపడమరలుగా మూడును, ఉత్తరదక్షిణములుగా మూడును రాజమార్గములు, పండ్రెండు ద్వారములు విధింపబడినవి. మానసార మయమతాది శిల్పగ్రంథములు దండకము, స్వస్తికము, నంద్యావర్తము, ప్రస్తరము మొదలగు పేళ్లతో గ్రామవిన్యాసభేదములను వివరించుచున్నవి. ఈ గళ్లపద్ధతిని పెద్దయెత్తున నాచరణమున జూపినది 1727లో సవాయి జయసింహుడు స్థాపించిన జయపురము. అయితే శాస్త్రమును జదివి నగరమును జూడబోవువాడు తఱుచుగా నిరాశ జెందును. నేల యెత్తుపల్లములును, ఏటి వంకలును, అంతకుముందే యున్న బాటలును శాస్త్రకారుని గళ్లకు లోబడవు. ఓరుగల్లును హైదరాబాదును సంపూర్ణమైన గళ్ల నగరములు కావు. రెండు బాటలు లంబముగా నొకదానినొకటి ఖండించుటయే యీ రెండింటికిని మూలసూత్రము. గళ్లపద్ధతికి బీజరూప మిదియే. ఆ బీజము ఒకచోట నొకరీతిగను, వేఱొకచోట వేఱొకరీతిగను బెరిగినది.

మొదట ఓరుగల్లును జూతము. గణపతిదేవ చక్రవర్తి (1199–1262) ప్రారంభింపగా రుద్రమదేవి పూర్తిచేసినదని చెప్పబడు రాతికోట యించుమించుగా వలయాకారము గలది. దాని యడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. దానివెలుపల నగడ్తయు, ఆ యగడ్తకు వెలుపల రమారమి యంతకు రెట్టింపు వెడల్పున మట్టికోటయు గలవు. రాతికోటకు నాలుగు దిక్కుల నాలుగు ద్వారములు. ఈ ద్వారములనుండి లోనికి వచ్చు నాలుగు బాటలు నడిబొడ్డున స్వయంభూదేవుని యాలయప్రాంతమును జేరును. ఆ యాలయమునకు నలుదిక్కుల నిలిపిన నాలుగు శిలాతోరణములు నేటికిని నిలిచియున్నవి. తోరణములపై పద్మములు, హంసలు, మకరములు గలవు.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. నాలుగు ద్వారములును దిక్కులకు సరిగా నున్నను, బాట ద్వారముగుండ తిన్నగా బోదు. శత్రువు వేగముగా లోన జొరబడకుండుటకై ద్వారములు వంకరగా గట్టబడినవి. లోనికి వచ్చువాడు ఒకమారు ప్రక్కకు దిరిగియే కాని ముందునకు సాగలేడు. అనగా ఓరుగంటియందు బాట కోటకు దాసి. వలయము మొదటిది, బాట రెండవది. దేవుడు నడుమ, రాజమార్గములు దేవునివైపునకు బోవునవి, కోట వాని కెల్ల హద్దు.

ఓరుగంటి వీథులను గూర్చి మన వాఙ్మయమున నొక గొప్ప సాక్ష్యము గలదు. అది క్రీడాభిరామము. దాని కర్తృత్వమును గూర్చిన వివాదము పాఠకు లెఱిగినదే. దానిని మరల దవ్వ నక్కఱలేదు. గోవిందమంచనశర్మయు టిట్టిభసెట్టియు నొక్క దినమున ఓరుగంటి వీథులవెంట దిరిగి చూచిన వింతలే ఆ కావ్యమునకు వస్తువు. ఒక్క రూకకు జక్కని భోజనము పెట్టు పూటకూటియింటిని జదివినవా డెవ్వడును మఱవడు. ఆ గ్రంథము రూపకభేదములలో వీథి యనబడునది. నాట్యశాస్త్రమున వీథియన రచనాభేదము, లోకమున వీథియన బాట. ఈ రెండర్థములు నొక్క కృతియందు గలిసిన సందర్భము మఱియొకటి నాకు గానరాలేదు. ఇది చమత్కారమే కాని ప్రమాణము కాదనువారు గలరు. కాని కవి నగరమును వర్ణింపదలచి సౌధాగ్రమునుండి చూపక నడచువాని కంటితో జూపుట యాలోచింపదగినది. ఆ నగరము నడిచి యెఱుగదగినదిగా నుండెను.

1323లో ఢిల్లీ తుగ్లకు సేనలచే ఓరుగల్లు పడెను. జేతలు దానికి సుల్తాన్‌పూరని పేరు పెట్టిరి. స్వయంభూదేవాలయమును బడగొట్టిరి. కాని తోరణములను బడగొట్టలేదు. తమ జుమ్మామసీదును ఆ నాలుగు తోరణముల నడుమనే నిలిపిరని యచ్చటి శిథిలములను బరిశీలించిన చరిత్రకారులు నిరూపించిరి. గుడి పోయినను, ఊరి పేరు మాఱినను చతుష్పథము మాఱలేదు. కొత్తగా వచ్చినవానికిని తన యధికారమును బ్రకటించుట కంతకంటె దగినచోటు దొరకలేదు. నా వాదమున కిది ముఖ్యమైన మెట్టు గనుక దీనిని పాఠకులు గుర్తుంచుకొనగోరెదను.

ఇక హైదరాబాదు. 1591లో మహమ్మదు కులీ కుతుబుషాహి (1580–1612) ఈ నగరమును స్థాపించెను. ఇరాను దేశమునుండి వచ్చి యాతనికి పీష్వాయైన మీర్ మోమిన్ అస్త్రాబాదీ నగరనిర్మాణమును నడిపెనని ప్రతీతి. నగరనామమును గూర్చియు, భాగమతిని గూర్చియు, మారీభయము తొలగిన సంతోషమున చార్మినారు గట్టబడెననుటను గూర్చియు గల కథలు లోకమున మిక్కిలిగా వ్యాపించినవి. వానిపై నిప్పటికే చాల సిరా వ్యయమైనది. చార్మినారు ఎందుకు గట్టబడినదనుటకంటె ఎచ్చట గట్టబడినదనుట ముఖ్యమైన ప్రశ్నయని నా తలంపు.

అది రెండు బాటలు గలియుచోట గట్టబడినది. తూర్పుపడమరల బాట నగరముకంటె బాతది; గోలకొండనుండి మచిలీపట్టణపు రేవునకు బోవు వర్తకమార్గమది. గోలకొండకోటకును చార్మినారునకును తిన్నగా కొలిచిన సుమా రైదుమైళ్లు. నడుమ మూసీయేఱు. ఆ యేటిపై 1578లో, అనగా నగరస్థాపనకు బదుమూడేండ్లకు ముందే, ఇబ్రాహీము కుతుబుషాహి వంతెన గట్టించెను. నేడు పురానాపూలనబడు నా వంతెనను జూచిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే దానిని పారిసులోని ప్రసిద్ధమైన వంతెనతో బోల్చెను. కావున కులీ కుతుబుషాహి శూన్యమైన నేలపై గీతలు గీయలేదు. ముందున్న వర్తకమార్గమున కడ్డముగా ఉత్తరదక్షిణముల మఱియొక బాటను వేసి, రెండును గలియుచోట నాలుగు ముఖముల కట్టడమును నిలిపెను. దాని ప్రతిపార్శ్వమును ఇరువది మీటర్లు. ఎత్తు ఏబదియాఱు మీటర్లు. నాలుగు కమానులు నాలుగు బాటల కెదురుగా దెఱవబడినవి. మీది యంతస్తున మసీదు గలదు. క్రింద మాత్ర మది త్రోవ.

చార్మినారునకు గొంచె ముత్తరముగా గుల్జారుహౌజను నీటితొట్టి గలదు. దీనికి పూర్వము చార్‌సూ హౌజను పేరుండెను. దానికి నలుదిక్కుల నాలుగు కమానులు: ఉత్తరమున మచిలీకమాను, తూర్పున కాలీకమాను, దక్షిణమున చార్మినారుకమాను, పడమట షేరెబాతిల్ కమాను. పడమటి కమానుగుండ నాడు రాజసౌధములకు దారి. ఆ సౌధము లిప్పుడు లేవు, కమానులు గలవు. ఒకనాటి యుదయమున కాలీకమాను క్రింద నిలిచి, అంగళ్లు దెఱవకముందు, నాలుగు వంకలను జూచినవానికి ఓరుగంటి తోరణములు జ్ఞప్తికి రాక మానవు. అచ్చట నాలుగు తోరణముల నడుమ దేవుడు. ఇచ్చట నాలుగు కమానుల నడుమ నీరు.

ఈ సామ్యము కేవలము కంటికి దోచినది మాత్రమేనా, లేక కారణసంబంధము గలదా? హైదరాబాదు విన్యాసమునకు ఇస్ఫహాను మాతృకయని వ్రాసినవారు పలువురు. ఇది కాలగణనకు నిలువదు. షా అబ్బాసు తన రాజధానిని ఇస్ఫహానునకు మార్చి నఖ్షెజహాన్ మైదానమును గట్ట నారంభించుట 1598 ప్రాంతముననే. హైదరాబాదు అంతకు ముందే పుట్టినది. మీర్ మోమిను దాని నెన్నడును జూచియుండలేదు. అయితే ఇరాను ప్రభావమే లేదనుటయు బొరపాటు. నాలుగుదారుల యంగడికి చార్‌సూ యను పేరే పారసీకము. తోటలను నాలుగు భాగములుగా విభజించు పద్ధతియు నతని కెఱుకయే యైయుండును.

దగ్గఱనున్న మాతృకలను విడిచి దూరమునకు బోనేల? కుతుబుషాహి వంశకర్తయైన సుల్తాను కులీ బహమనీలకొలువున తెలంగాణమున కధికారియై యుండెను. ఆ బహమనీల రాజధాని బీదరు. బీదరు పాతపట్టణమున రెండు ప్రధానవీథులు గలియుచోట చౌబారా యను గుండ్రని గోపురము నేటికిని నిలిచియున్నది. చౌబారా యన నాలుగుదిక్కులకు జూచునది. చార్మినారునకు భావమున నింతకంటె దగ్గఱి బంధువు లేదు. ఇక ఓరుగల్లో, గోలకొండరాజ్యములోని పట్టణము. 1504లో అచ్చట శాసనము వేయించిన షితాబుఖాను తరువాత నది కుతుబుషాహీల వశమైనది. ఇబ్రాహీము తెలుగుకవులకు మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానము నాతని కంకితమిచ్చెను. పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చతెలుగు యయాతిచరిత్రమును ఆ కొలువులోని అమీనుఖానున కిచ్చెను. కావ్యకన్యల స్వీకరించిన కొలువు కాకతీయుల కీర్తితోరణముల నెఱుగదనుట పొసగదు. ఇటీవలి చరిత్రకారులలో గొందఱు చార్‌కమానులందు ఓరుగంటి తోరణముల స్మృతిని గుర్తించుచున్నారు. నేనును వారిపక్షమే. దీనికి లిఖితప్రమాణము లేదు. నేలపైని గీతలే ప్రమాణము. లిఖితప్రమాణము లేనిదే యంగీకరింపమనువారికి నే జెప్పగల దొక్కటే: ఇస్ఫహానునకును లిఖితప్రమాణము లేదు, కాలము సయితము విరుద్ధముగా నున్నది.

సామ్యము చెప్పినపిదప భేదమును జెప్పవలెను, ఏలయన నగరవృద్ధిరహస్యము భేదముననే గలదు. ఓరుగంట కోట ముందు, బాట తరువాత. హైదరాబాదున బాట ముందు, కోట చాల తరువాత. గోలకొండ దుర్గము సమీపముననే యుండుటచే కొత్తనగరమునకు గోడ యక్కఱ లేకపోయెను. 1687లో ఔరంగజేబు గోలకొండను బట్టుకొనిన తరువాత, మొగలు సుబేదారైన ముబారిజుఖాను గోడను బ్రారంభింపగా, ఆతడు 1724లో యుద్ధమున జావగా, ఆసఫ్‌జాహీ నిజాము కాలమున 1740 ప్రాంతమున నది పూర్తియైనది. అనగా నూటముప్పది యేండ్లకు బైగా నగరము గోడ లేకయే పెరిగినది. అన్ని యేండ్లు నగరమును దీర్చినవి నాలుగు బాటలే. తరువాత వచ్చిన గోడ, అప్పటికే బాటలవెంబడి విస్తరించిన నగరమును జుట్టి, ఉత్తరమున ఏటి వంకల ననుసరించి, వంకరటింకరగా సాగెను. ఓరుగంటి గోడ కొలబద్ద. హైదరాబాదు గోడ కొలిచినపిమ్మట వ్రాసిన లెక్క. అందుచేతనే ఓరుగల్లు తన వలయమును విడిచి వెలుపలికి బోవలసివచ్చినది. నేటి వరంగల్లు నగరము కోటకు వెలుపల హనుమకొండ, కాజీపేటలవైపు సాగినది, కోటలోపల గ్రామమును బొలములును మిగిలినవి. హైదరాబాదు తన కూడలిని విడువకయే నలువైపుల బెరిగినది.

ఇంత చెప్పినను హైదరాబాదు పాతబస్తీలోనికి బోయినవాడు "నీవు చెప్పిన తిన్నని గీత లెక్కడ? ఇవి సందులు, సందులలో గొందులు, గొందులచివర గోడలు" అని నన్ను నిలదీయును. ఆతని యాక్షేపణ న్యాయమే. పెద్దబాటలు రాజు వేసెను. వానినడుమనున్న నేలను రాజు గళ్లుగా గోయలేదు. 1811లో న్యూయార్కు నగరాధికారులు 155వ వీథివఱకు ముందుగానే గీతలు గీచి నేలను ముక్కలుగా నమ్మకమునకు బెట్టిరి. అందుచే నచ్చట సామాన్యుని యింటిగోడయు పెద్దవీథి ననుసరించియే నిలిచినది. హైదరాబాదున పెద్దబాటల నడిమినేల ఉమరావుల పాలబడెను. వారు విశాలమైన ప్రాకారములలో దేవిడీలు గట్టుకొనిరి; దేవిడీచుట్టును బంట్లు, వంటవారు, గుఱ్ఱపువాండ్రు, కైపనివాండ్రు గుడిసెలు వేసికొనిరి. దేవిడీయే చిన్న యూరు. దానిలోపలి త్రోవ లాయింటి యవసరములకొఱకేర్పడినవి కాని నగరముకొఱకు గాదు. కాలక్రమమున వంశములు చీలి, ఆస్తులు పంచుకొని, దేవిడీలు విరిగినపుడు లోపలి త్రోవలే గల్లీలైనవి. 1911 మొదలుకొని కొన్నియేండ్లు లెనర్డు మన్ననువా డీ నగరమును సవివరముగా గొలిపించి పటములు గీయించెను. ఆ పటములందు చతుష్పథపు పెద్దబాట లెముకలవలెను, గల్లీలు వేళ్లవలెను గానవచ్చుచున్నవి. ఎముకలు ప్రభువువి, వేళ్లు వంశములవి.

ఇక బాటల బలాబలములు కాలానుగుణముగా మాఱుటయు జిత్రమే. మొదట తూర్పుపడమరల బాటయే ప్రధానము. వజ్రములును, వస్త్రములును, రేవునుండి వచ్చు విదేశపు సరకులును దానిమీదనే నడచెను. గోలకొండ పడిపోయి, మచిలీపట్టణపు వర్తకము క్షీణింపగా నా బాటకు మొదటి ప్రాముఖ్యము తగ్గెను. 1763లో నిజాముల రాజధాని ఔరంగాబాదునుండి హైదరాబాదునకు మాఱి నగరమునకు మరల వైభవము వచ్చినపుడు దృష్టి యుత్తరమునకు దిరిగెను. ఏటి కావలియొడ్డున ఆంగ్లేయుల రెసిడెన్సీ వెలసెను. 1806లో సికిందరాబాదు దండు స్థిరపడెను. అయినను ఉత్తరపుబాట చార్మినారునుండి సుమారొక కిలోమీటరు సాగి యేటియొడ్డున నాగిపోవుచుండెను. అచ్చట వంతెన లేదు. పడమట పురానాపూలును, 1831 నుండి తూర్పున చాదర్‌ఘాటు వంతెనయు మాత్రమే దాటుటకు మార్గములు. 1860 ప్రాంతమున అఫ్జల్ వంతెన యేర్పడి యుత్తరపుబాటకు గాళ్లిచ్చెను. 1874లో సికిందరాబాదునకు రైలు వచ్చుటతో నగరపు మొగము పూర్తిగా నుత్తరమునకు మఱలెను. కులీ కుతుబుషాహి వేసిన యడ్డుబాట రమారమి రెండువందలడెబ్బది యేండ్ల తరువాత ప్రధానవీథి యయ్యెను. గీత గీచినవాని యుద్దేశ మొకటి, కాలము చేసికొనిన యుపయోగ మొకటి.

ఏటికి నుత్తరమున మాత్ర మా గీత సాగలేదు. చతుష్పథనియమ మచ్చట జెల్లలేదు. బేగంబజారు, రెసిడెన్సీ బజారులు, దండు, హుసేన్‌సాగరము కట్ట, రైలుదారి, ఒక్కొక్కటి తన తన దిక్కునకు బాటలను లాగుకొనినవి. సికిందరాబాదు దండులో తిన్నని వీథులు గలవు కాని వాని దిక్కులు చార్మినారు దిక్కులతో గలియవు. నేడు హైదరాబాదు సికిందరాబాదులనడుమ ప్రయాణము చేయువాడు పడు చిక్కులలో గొన్నింటికి గారణ మిదియే: రెండు వేఱువేఱు మూలముల నుండి పెరిగిన వీథిసముదాయములను తరువాతివారు అతుకుచు వచ్చిరి.

1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీ పొంగి నగరమును ముంచెను. అఫ్జల్ వంతెన కూలెను, వేలకొలది జనము నశించిరి. విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి యుస్మాన్‌సాగరము (1920), హిమాయత్‌సాగరము (1927) నిర్మింపబడినవి. 1912లో నగరాభివృద్ధిసంస్థ యేర్పడెను. ఈ సంస్థవారు చేసిన పనులలో మనకు గావలసినది పత్తర్‌గట్టి. ఉత్తరపుబాటను వెడల్పుచేసి, ఇరుప్రక్కల రాతికమానుల వరుసతో క్రింద నంగళ్లను, మీద నివాసములను గట్టించిరి. గీతను జెఱుపలేదు; గీతను లావుచేసిరి. 1591 నాటి దిక్కు 20వ శతాబ్దపు శిల్పిచేతను నిర్ణయించినది.

పాతగోడ నేడు లేదు. దర్వాజాలలో దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు మాత్రము మిగిలినవి. దక్షిణమున అలియాబాదు దర్వాజా పోయినను, చార్మినారునుండి షాఅలీబండ మీదుగా దానివైపునకు బోవు బాట యా పేరుతోనే పిలువబడు బస్తీని జేరుచున్నది. ఓరుగంటిలో మట్టును గమనింపుడు: నేటికిని బండ్లు రాతికోట ద్వారములయొద్ద కాకతీయుల స్థపతి విధించినట్లే ప్రక్కకు దిరిగి లోనికి బోవుచున్నవి. చార్మినారునొద్దనో, 1993లో దలపెట్టిన పాదచారుల పథకము చిరకాలమునకు గాని కొంతవఱకైన నెఱవేఱలేదు. ఇటీవల కట్టడముచుట్టును రాళ్లు పఱచి వాహనముల నాపివేసిరి. వర్తకపుబండ్లకొఱకు బుట్టిన కూడలిలో బండ్లకు జోటు లేదు. టిట్టిభసెట్టివంటివా డెవ్వడైన నిప్పుడు నాలుగువైపులనుండియు నడచియే రావలెను.